సివిల్ కోర్టు సేవ: ఆపడంలో దిట్ట, ఇప్పించడంలో నిదానం

సివిల్ కోర్టు పనితనం బాగా కనిపించేది ఇంజంక్షన్ (ఓ పని చేయొద్దనో, చేయమనో కోర్టు ఇచ్చే ఉత్తర్వు) దగ్గర. పక్కవాళ్లు గట్టు చెరిపి గోడ లేపుతుంటే దావాతో పాటే ఐ.ఏ. (దావా తేలేలోపు ఉత్తర్వు కోరే మధ్యంతర దరఖాస్తు) వేస్తారు. పైకి చూస్తే కేసులో బలం ఉందా, ఆపకపోతే ఎవరికి ఎక్కువ ఇబ్బంది, ఆ నష్టం డబ్బుతో పూడేదేనా అని జడ్జి చూస్తారు. మరీ అత్యవసరమైతే ఎదుటివాళ్లను పిలవకుండానే ఆర్డర్ ఇస్తారు. గెలిచేశామని చాలామంది ఊపిరి పీల్చుకునేది అక్కడే. అసలు మెలికా అక్కడే ఉంది. పిటిషన్, అఫిడవిట్, ప్లెయింటు (దావా పత్రం), మిగతా పత్రాల నకళ్లు వెంటనే ఎదుటివాళ్లకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. పంపినట్టు ఆ రోజో మర్నాడో కోర్టులో అఫిడవిట్ వేయాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39, రూల్ 3 చెప్పేది ఇదే. దీన్ని పట్టించుకోకపోతే చేతికొచ్చిన ఆర్డర్ రద్దయ్యే ప్రమాదం ఉంది. ఆర్డర్ మీరినవాళ్ల ఆస్తి జప్తు చేయొచ్చు, మూడు నెలల దాకా సివిల్ జైలుకూ పంపొచ్చు.

ఏం అడగాలన్నది తేల్చుకోకుండా దావా వేస్తే ఎంత మంచి వకీలున్నా లాభం లేదు. హక్కు ఎవరిదన్న దానిపైనే గొడవ ఉన్నప్పుడు ఉత్త ఇంజంక్షన్ చాలదు, డిక్లరేషన్ (హక్కు ఫలానావారిదన్న కోర్టు ప్రకటన) కూడా కోరాలి. స్వాధీనం పోయాక డిక్లరేషన్ ఒక్కటే అడిగి ఊరుకుంటే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 34 కింద దావా నిలవదు. దౌర్జన్యంగా వెళ్లగొడితే సెక్షన్ 6 ఉంది. హక్కు రుజువు చేయక్కర్లేదు, స్వాధీనం ఉండేదని చూపితే చాలు. కానీ 6 నెలల్లోపు వేయాలి, ప్రభుత్వం మీద పనికిరాదు. ఆ గడువు దాటితే హక్కు నిరూపించుకుంటూ 12 ఏళ్లలోపు వేసుకోవాలి.

ప్లెయింటులో ఆస్తి వివరాలు చెప్పే షెడ్యూల్‌ను స్వయంగా చదువుకోండి. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు దిక్కుల హద్దులు దస్తావేజుతో పొల్లు పోకుండా కలవాలి. తూర్పు, పడమర తారుమారైతే డిక్రీ (దావా తేల్చిన కోర్టు ఉత్తర్వు) పట్టుకుని పొలం దాకా వెళ్లిన కోర్టు అమీనా ఏ చెక్క అప్పగించాలో తేలక వెనక్కి వస్తాడు.

అప్పు వసూలుకు సాధారణంగా గడువు 3 ఏళ్లు. "ఇస్తాలే" అన్న నోటిమాటతో అది పెరగదు. గడువు తీరకముందే బాకీ ఒప్పుకుంటూ సంతకం చేసిన కాగితం ఉంటే, ఆ తేదీ నుంచి మళ్లీ లెక్క.

ఇక మార్కులు తెగ్గోయాల్సింది ఈ.పి. (డిక్రీ అమలు చేయించమనే పిటిషన్) దగ్గర. డిక్రీ వచ్చినంత మాత్రాన డబ్బు రాదు. అమలుకు 12 ఏళ్ల గడువుంది, ఫలానా పని చేయమన్న ఇంజంక్షన్ డిక్రీకైతే 3 ఏళ్లే. ఓడినవాళ్లకు ఏ ఆస్తి ఉందో కోర్టు వెతికిపెట్టదు, ఆ చిట్టా మీరే ఇవ్వాలి. జప్తు అనగానే ఆ ఆస్తి నాదంటూ బావమరిది పేరుతో క్లెయిమ్ పిటిషన్ ఊడిపడుతుంది, దాని మీద మళ్లీ విచారణ. ఈ.పి.లు 6 నెలల్లో ముగించాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పినా వాయిదాలు ఆగలేదు. ఆస్తి అమ్మేస్తారన్న అనుమానానికి గట్టి ఆధారం ఉంటే, దావా నడుస్తుండగానే ఆర్డర్ 38, రూల్ 5 కింద జప్తు కోరడం మేలు.

చిన్న మొత్తాలకు లోక్ అదాలత్ నయం. కట్టిన కోర్టు ఫీజు తిరిగొస్తుంది, అక్కడిచ్చే తీర్పు (అవార్డు) డిక్రీతో సమానం, అప్పీలు లేదు. రాజీ షరతుల్లో వాయిదాల తేదీలు, ఒక్కటి తప్పినా మొత్తం బాకీ ఒకేసారి కట్టాలన్న మాట రాయించుకున్నాకే సంతకం పెట్టండి.