చెన్నైలో సెకండ్ ఒపీనియన్: డబ్బుకు తగిన సేవేనా?

నెల్లూరు, గూడూరు నుంచి పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి సెంట్రల్‌లో దిగినవాళ్ల చేతిలో రిపోర్టుల కవరు కనబడితే, వాళ్లు అడగబోయే ప్రశ్న దాదాపు తెలిసిందే: "మా ఊరి డాక్టరు గారు ఆపరేషన్ అన్నారు. చేయించుకోవాలా, వద్దా?" దీనికి ఇంకో డాక్టరు నుంచి జవాబు, అంటే సెకండ్ ఒపీనియన్, దొరికే దారులు చెన్నైలో మూడున్నాయి. కార్పొరేట్ ఆస్పత్రి ఓపీలో సీనియర్ కన్సల్టెంటును కలవొచ్చు. ఫీజు వెయ్యికి అటూ ఇటూ అవుతుంది. సెంట్రల్ ఎదురుగా ఉన్న ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి అయిన రాజీవ్ గాంధీ జీహెచ్‌కి పోవచ్చు. అక్కడ డబ్బు మిగులుతుంది, పూట పోతుంది. లేదంటే ఇంట్లోంచే రిపోర్టులు అప్‌లోడ్ చేసి, వీడియోలో మాట్లాడి, అభిప్రాయం రాతలో తీసుకోవచ్చు. ఇది ఓపీ కంటే ఖరీదైన వ్యవహారమే.

ఏ దారిలో వెళ్లినా ఫలితం డాక్టరు పేరు కంటే మీరు పట్టుకెళ్లేదాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. ఉదాహరణకు యాంజియోగ్రామ్ (గుండె నాళాల్లోకి రంగు మందు పంపి తీసే ఎక్స్‌రే వీడియో) సంగతే చూడండి. చాలామంది గుండె బొమ్మ గీసి "ఎల్‌ఏడీ 80%" (గుండె ముందువైపు ప్రధాన నాళంలో 80 శాతం అడ్డు) అని రాసిన కాగితం ఒక్కటే తెస్తారు. ఆ 80 అనేది మొదటి డాక్టరు కంటితో వేసిన అంచనా. అదే సినిమా ఇంకొకరు చూస్తే 60 అనొచ్చు. కాగితం చూసి రెండో డాక్టరు "అవును, స్టెంట్ (అడ్డున్న నాళాన్ని తెరిచి ఉంచే జాలీ గొట్టం) కావాలి" అంటే, మొదటాయన మాటనే ఇంకో గొంతుతో విన్నట్టు లెక్క. ఆ సినిమా ఉన్న సీడీ తేవాలి. అది వైద్య చిత్రాలకు వాడే డైకామ్ ఫార్మాట్‌లో ఉండాలి, ఆస్పత్రి గేటు దాటకముందే తెరిపించి చూసుకోవాలి, ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలి. సెల్‌ఫోన్‌తో తీసిన ఫిల్ము ఫొటోలు ఎందుకూ పనికిరావు. ఎడమ ప్రధాన ధమనిలో 50 శాతం, మిగతా వాటిలో 70 శాతం దాటిన అడ్డును సాధారణంగా లెక్కలోకి తీసుకుంటారు. అటూ ఇటూ తేలని అడ్డుకు ఎఫ్‌ఎఫ్‌ఆర్ అనే పీడనం కొలత ఉంది. అది 0.80 లేదా తక్కువ వస్తే రక్తప్రవాహానికి నిజంగానే ఆటంకం ఉన్నట్టు. "ఎఫ్‌ఎఫ్‌ఆర్ చూశారా?" అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

క్యాన్సర్ అనుమానమైతే బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టు ఒక్కటీ చాలదు. ఆ ముక్కను పొదిగి ల్యాబులో దాచిన మైనపు బ్లాకు, దాని నుంచి చేసిన స్లైడ్లు అడిగి తెచ్చుకోవాలి. కణితి రకం మారితే మందే మారిపోతుంది కాబట్టి, పేరున్న క్యాన్సర్ కేంద్రాల్లో పాథాలజిస్టు (కణాలను పరీక్షించే డాక్టరు) వాటిని మళ్లీ చూశాకే మాట్లాడతారు. బ్లాకు పోతే దాన్ని మళ్లీ పుట్టించలేం. కొరియర్‌ను నమ్మకుండా చేత్తో తెచ్చి, ఇచ్చిన చోట రసీదు తీసుకోండి.

రికార్డులు ఇవ్వడానికి ఆస్పత్రి సణిగితే గుర్తుంచుకోవలసింది, 2002 నాటి వైద్య మండలి నియమావళి. రోగి అడిగిన 72 గంటల్లోపు రికార్డులు ఇవ్వాలి, ఇన్‌పేషెంట్ రికార్డులు 3 ఏళ్లు దాచాలి అని అందులో ఉంది. నోటితో అడిగితే "రేపు రండి" అంటారు. తేదీ వేసి రాసివ్వండి, నకలు మీద సంతకం తీసుకోండి.

ఓపీలో కూర్చున్నాక ఒక కిటుకు. మొదటి డాక్టరు ఏమన్నారో ముందే చెప్పకండి. ముందు సీడీ చూడనివ్వండి, బాధలు చెప్పండి, ఆయన మాట పూర్తయ్యాక పాత సలహా బయటపెట్టండి. "మీ నాన్నగారైతే ఏం చేస్తారు సార్?" అన్న ప్రశ్న మనవాళ్లకు ఇష్టం గానీ, దానికి వచ్చే జవాబులో సమాచారం తక్కువ. "చేయించుకోకపోతే ఆరు నెలల్లో ఏం జరగొచ్చు? ఇది ప్రాణం కోసమా, నొప్పి తగ్గడం కోసమా?" అని అడిగితే మాట తేలుతుంది. స్టెంట్ విషయంలో ఈ తేడా పెద్దది. 2020లో వెలువడిన ఇస్కీమియా అనే అధ్యయనంలో ఐదు వేల మందికి పైగా నిలకడైన గుండె జబ్బు రోగులున్నారు. మందులతో మొదలుపెట్టినవాళ్ల కంటే వెంటనే స్టెంటో బైపాసో చేయించుకున్నవాళ్లలో మరణాలు తగ్గలేదు. ఛాతీ నొప్పి మాత్రం బాగా తగ్గింది. ఎడమ ప్రధాన ధమనిలో అడ్డున్నవాళ్లను, గుండె బాగా బలహీనపడినవాళ్లను అందులో చేర్చలేదు. కాబట్టి "మందులు చాలు" అన్న మాట వాళ్లకు వర్తించదు.

ఇదంతా వారం పది రోజులు ఆగగల జబ్బులకే. నిజమైన గుండెపోటు వస్తే, ఈసీజీ చూసి దగ్గరి డాక్టరు చెప్పింది అక్కడే చేయించుకోవాలి. ఆస్పత్రి చేరిన 90 నిమిషాల్లో మూసుకున్న నాళం తెరవాలన్నది లక్ష్యం. ఆ వసతి లేని చోట గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఉంది. "చెన్నైలో పెద్ద డాక్టరు చూడాలి" అని నెల్లూరు నుంచి అంబులెన్సులో దాదాపు 175 కిలోమీటర్లు వస్తే, దారిలోనే గుండె కండరం చచ్చిపోతుంది.

సెకండ్ ఒపీనియన్ తప్పకుండా కావలసిన ఆపరేషన్ ఏదంటే మా లెక్కలో గర్భసంచి తీయడమే. దేశంలో ఈ ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో రెండు తెలుగు రాష్ట్రాలూ ముందున్నాయి. తెల్లబట్ట అవుతోందనో, "తర్వాత క్యాన్సర్ వస్తుందేమో" అన్న భయంతోనో తీసేయడం సరికాదు. అధిక రక్తస్రావమైతే స్కాన్, పాప్ స్మియర్ (గర్భాశయ ముఖద్వారం కణాల పరీక్ష), అవసరాన్ని బట్టి లోపలి పొర బయాప్సీ అయ్యాయా? మాత్రలు, హార్మోన్ లూప్ (గర్భసంచిలో అమర్చే సాధనం) ప్రయత్నించారా? అండాశయాలు కూడా తీస్తామంటే ఎందుకో విడిగా అడగాలి. ముప్ఫై అయిదేళ్లకే అవి పోతే ఎముకలు తొందరగా గుల్లబారతాయి. అలాగే, వేరే పనికి తీసిన స్కాన్‌లో కనబడిన, నొప్పి లేని పిత్తాశయ రాళ్లకు చాలామందికి ఆపరేషన్ అవసరం లేదు.

ఆన్‌లైన్ సేవ సీడీకీ, స్లైడుకీ సరిపోతుంది. చేత్తో నొక్కి చూడాల్సిన కడుపు నొప్పికి, గడ్డకు దండగ. 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు చూపాలి. డాక్టరు పేరు చెప్పకుండా ముందు డబ్బు కట్టమంటే వదిలేయండి. ఓపీలోనూ లోపం లేకపోలేదు. రెండో అభిప్రాయం చెప్పినాయనే ఆపరేషన్ చేసేవాడు కావడంతో, మాట ముగియకముందే ప్యాకేజీ కాగితం చేతికొస్తుంది. నోటితో ధైర్యంగా "అక్కర్లేదు" అనేవారు కూడా రాతలో ముక్తసరిగా ముగిస్తారు. కారణం ఒక వాక్యమైనా రాయించుకోండి. మూడింటిలో ఒకటే ఎంచుకోమంటే, సీడీ చేతిలో ఉన్నవాళ్లకు ఆపరేషన్ చేయని కార్డియాలజిస్టు ఓపీయే మా ఓటు.

ఇద్దరి మాటలూ కలవకపోతే వెంటనే మూడో ఆస్పత్రికి పరుగెత్తకండి. తేడా ఎక్కడుందో చూడండి. బొమ్మ (సీడీ, స్లైడు) చదవడంలో తేడా అయితే ఎఫ్‌ఎఫ్‌ఆరో, స్లైడు మళ్లీ చదివించడమో తేలుస్తుంది. బొమ్మ ఒకటే, నిర్ణయం వేరంటే ఇద్దరూ సరే కావచ్చు. అప్పుడు మీ వయసు, పని, ఖర్చు తూకంలోకి వస్తాయి.

ఈ తిరుగుడులో మందులు మాత్రం మానకండి. "ఆ స్టెంట్ అసలు అవసరమే లేదు" అని రెండో డాక్టరు అన్నా, వేసిన స్టెంట్ లోపలే ఉంటుంది. గడ్డ కట్టనివ్వని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలు మధ్యలో ఆపితే అందులో గడ్డ కట్టి గుండెపోటు రావచ్చు. జంట మాత్రలు మామూలుగా ఆరు నెలలు, గుండెపోటు తర్వాత వేసిన స్టెంట్‌కు ఏడాది. పన్ను తీయించుకోవాలన్నా సరే, ఆపాలో వద్దో ఆ స్టెంట్ వేసిన డాక్టరుకే ఫోన్ చేసి అడగండి.