ఆరుకాళ్ల రోబో కిట్: నడక భేష్, మాన్యువల్ చెప్పే కారణమే తప్పు

జంతువులకు కాళ్లు సరిసంఖ్యలోనే ఎందుకుంటాయో చేసి చూపించడానికి ఈ కిట్ బాగా పనికొస్తుంది. కాలికి మూడు చొప్పున మొత్తం 18 సర్వో మోటార్లు (చెప్పిన కోణానికి తిరిగి అక్కడే నిలిచేవి). మాన్యువల్ మాత్రం “బ్యాలెన్స్ కోసమే” అని ఒక్క ముక్కలో తేల్చేసింది. నిలకడే కారణమైతే మూడు కాళ్లు చాలు; ముక్కాలి పీట ఎగుడుదిగుడు నేల మీదా ఊగదు. అసలు సంగతి పిండం ఎదిగే తీరులో ఉంది. ఎడమ పక్క ఎలా ఏర్పడితే కుడి పక్కా అలాగే ఏర్పడుతుంది, రెండు వైపులా పనిచేసేవి అవే జన్యువులు. అందుకే కాళ్లు జతగా మొలుస్తాయి. జెర్రుల్లో జాతిని బట్టి 15 నుంచి 191 జతలుంటాయి. జతల సంఖ్య సాధారణంగా బేసే, కాళ్ల మొత్తం మాత్రం సరి. అలాగని నడుమ ఉన్న అవయవం నడకకు పనికిరాదనీ కాదు: కంగారూ మెల్లగా కదిలేటప్పుడు తోకను ఐదో కాలిగా నేలకు ఆనించి ఒంటిని ముందుకు నెడుతుంది.

బిగింపు దగ్గరే చాలామంది దెబ్బతింటారు. సర్వోకు 1500 మైక్రోసెకన్ల పల్స్ ఇచ్చి నడిమి కోణానికి తెచ్చాకే దాని షాఫ్ట్‌కు హార్న్ (కాలిని కదిపే చిన్న చెయ్యి) తొడగాలి. షాఫ్ట్‌కు 25 పళ్లు. ఒక్క పన్ను తప్పితే 14.4 డిగ్రీల తేడా. సగం పన్ను లోపు తేడాను సాఫ్ట్‌వేర్‌లో సర్దుకోవచ్చు. సర్వోలకు పల్స్‌లు పంపే డ్రైవర్ బోర్డుకు 16 ఛానెళ్లే, అంటే 16 సర్వోలకే చోటు కాబట్టి రెండు బోర్డులు ఇచ్చారు. రెండోదాని మీద అడ్రస్ జంపర్ (బోర్డుకు వేరే అడ్రస్ ఇచ్చే అతుకు) సోల్డర్ చేయకపోతే రెండూ ఒకే పిలుపుకు పలుకుతాయి, ఎడమ కాళ్లు చేసిందే కుడి కాళ్లూ చేస్తాయి. మాన్యువల్లో ఈ ముక్కే లేదు!

పెద్ద లోపం కరెంటు. ఇరుక్కున్న ఒక్కో సర్వో 6 వోల్ట్ల దగ్గర రెండున్నర ఆంపియర్ల దాకా లాగుతుంది. బ్యాటరీ వోల్టేజ్‌ను సర్వోలకు తగ్గించి ఇచ్చే రెగ్యులేటర్ 5 ఆంపియర్లదే, అది ఏ మూలకు? బరువు మూడు కాళ్ల మీద పడగానే వోల్టేజ్ కుంగి కంట్రోలర్ రీసెట్ అవుతుంది. 20 ఆంపియర్లది వేసి, కంట్రోలర్‌కు విడిగా 5 వోల్ట్లు ఇచ్చి, గ్రౌండ్ వైర్లు మాత్రం కలపండి. 7.4 వోల్ట్ల బ్యాటరీని సర్వోలకు నేరుగా తగిలించొద్దు. నిండుగా ఛార్జైతే అది 8.4 ఉంటుంది.

ఇక బొద్దింక నడక. ఎడమ ముందు, ఎడమ వెనక, కుడి నడిమి కాళ్లు నేల మీదుంటే మిగతా మూడూ లేస్తాయి. ఇప్పుడు బేసి కాళ్లతో ఏమవుతుందో చూడటానికి కుడి నడిమి కాలు విప్పేయండి. దాని వంతు రాగానే ఒళ్లు కుడికి ఒరిగిపోతుంది. మెనూలో ఒక్కో కాలే లేచే నడకకు మారిస్తే ఐదు కాళ్లతోనూ వెళ్తుంది. కాకపోతే కుడి ముందు కాలు గానీ కుడి వెనక కాలు గానీ లేచేసరికి బరువు సరిగ్గా ఆధారం (నేల మీదున్న కాళ్ల మధ్య చోటు) అంచు మీద పడుతుంది. అది లేవకముందే ఒంటిని రెండు సెంటీమీటర్లు ఎడమకు జరిపేలా ప్రోగ్రామ్‌లో మార్చుకోవాలి. వేగం బాగా తగ్గుతుంది.

ఆపి నిలబెట్టినా మోకాలి సర్వోలు బరువు మోస్తూనే వేడెక్కుతాయి. వివరించేటప్పుడు పొట్ట నేలకు ఆనేలా కూర్చోబెట్టండి.