కోహా లైబ్రరీ సాఫ్ట్‌వేర్ రివ్యూ: తెలుగు పుస్తకాలు దొరుకుతున్నాయా?

నెల్లూరు, ఒంగోలు వైపు కాలేజీ లైబ్రరీలకీ, చిన్న పఠన మందిరాలకీ కోహా బాగా సరిపోతుంది. న్యూజీలాండ్‌లో పుట్టి 2000 జనవరిలో వాడుకలోకి వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్‌కి లైసెన్సు ఖర్చు లేదు. ఇష్యూ, రిటర్న్, బార్‌కోడ్ లేబుళ్లలో వంక పెట్టడానికేమీ లేదు. చిక్కల్లా తెలుగులో వెతికినప్పుడే.

అద్దంకి ఆస్థానకవి ఎర్రననే తీసుకోండి. ఒక అట్ట మీద ఎఱ్ఱన, ఇంకోదాని మీద ఎర్రన, మరోదాని మీద ఎర్రాప్రగడ. అట్ట మీద ఉన్నది ఉన్నట్టు 100 ఫీల్డులో (పుస్తకం రికార్డులో రచయిత పేరు వేసే గడి) కొట్టేస్తే ఒకే కవి ముగ్గురైపోతాడు. బండి ఱతో వెతికినవాళ్లకి మామూలు రతో ఎక్కించిన పుస్తకం కనపడదు. బీరువాలో ఉన్నా లేదనుకుని వెళ్లిపోతారు. పాత కార్డు పెట్టెల్లో దీనికి ‘ఎర్రాప్రగడ – ఎఱ్ఱన చూడుడు’ అని వేరే కార్డు ఉండేది. కోహాలో ఆ పని అథారిటీ రికార్డుది, అంటే ఒక రచయిత పేరు రూపాలన్నీ ఒకచోట ఉంచే రికార్డుది: దాని 100లో ఒక పేరు ఖాయం చేసి, మిగతా రూపాలు ఒక్కొక్కటీ ఒక్కో 400 ఫీల్డులో వేసి, పుస్తకాల రికార్డుల్ని దానికి లింకు చేయాలి. అంతటితో ఆగితే ఫలితం ఉండదు. సిస్టమ్ ప్రిఫరెన్సెస్‌లో ‘ఇన్‌క్లూడ్ సీ ఫ్రమ్ ఇన్ సెర్చెస్’ మొదట్లో ఆఫ్‌లో ఉంటుంది. అది ఆన్ చేసి, మొత్తం రీఇండెక్స్ చేశాకే (వెతికే సూచికని మళ్లీ తయారుచేశాకే) మారుపేర్లతో వెతికినా పుస్తకం దొరుకుతుంది.

కోహాలో వెతికిపెట్టే ఇంజనుగా జీబ్రా వాడేటట్టయితే పుస్తకాలు ఎక్కించకముందే ఐసీయూ ఇండెక్సింగ్ (యూనికోడ్ లిపులకి పనికొచ్చే సూచిక పద్ధతి) పెట్టించండి. మామూలుగా వచ్చే సీహెచ్ఆర్ పద్ధతి తెలుగు లిపికి తగినది కాదు.

యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టిన పాత స్టాకు లిస్టుని నేరుగా ఎక్కిస్తే పిచ్చి గుర్తులే వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చాక కూడా ఒత్తులు ఒకసారి కంటితో చూసుకోవాల్సిందే. జెడ్39.50 (వేరే లైబ్రరీల క్యాటలాగుల్లో వెతికి రికార్డులు తెచ్చుకునే పద్ధతి) ద్వారా విదేశీ లైబ్రరీల నుంచి తెచ్చుకునే తెలుగు పుస్తకాల రికార్డులు ఎక్కువగా రోమన్ లిపిలో ఉంటాయి, వర్గ సంఖ్య (తెలుగు సాహిత్యానికి 894.827) పనికొస్తుంది గానీ, పేరు మనమే తెలుగులో కొట్టుకోవాలి.

కోహా రోజువారీ బ్యాకప్ కూడా అసలు డేటా ఉన్న మిషన్లోనే పడుతుంది. హార్డ్‌డిస్క్ పోతే రెండూ పోతాయి కాబట్టి ఇంకో చోటికి కాపీ తీసుకోండి.

ఐదుకి నాలుగు ఇస్తాం. అథారిటీలు పూర్తయ్యేదాకా మాత్రం కార్డు పెట్టెల్ని పాత సామాన్ల వాళ్లకి వేయకండి. ఏ కవికి ఎన్ని పేర్లున్నాయో ఆ ‘చూడుడు’ కార్డులే చెబుతాయి. 400లు నింపడానికి అంతకంటే మంచి ఆధారం దొరకదు.