ముక్కుకి కసరత్తు చేయించే నాలుగు సీసాలు: మూడు స్టార్లు

కాకినాడలో మాకు కర్రీ పాయింట్ ఉంది. 2021 మేలో కరోనా వచ్చింది. జ్వరం నాలుగు రోజుల్లో దిగింది గానీ ముక్కు పోయింది. నా ముందున్న మూకుడులోనే పోపు మాడుతుంటే, రోడ్డు మీద బండి ఆపిన కుర్రాడు "పిన్నిగారూ, ఏదో మాడుతోంది" అంటే గానీ నాకు తెలియలేదు.

నాలుగు నెలలకి వాసన తిరిగొచ్చింది, అదీ వంకరగా. ఉల్లిపాయలు వేగుతుంటే మురిక్కాలవ కంపు. కాఫీ అయితే దగ్గరికే రానివ్వలేదు. దానికి తోడు మతిమరుపు. పప్పులో ఉప్పు వేశానా లేదా అని రోజూ సందేహమే. రెండుసార్లు వేసి ఒకరోజు గిన్నెడు పప్పు పారబోశాను. అప్పట్నుంచి ఉప్పు వేయగానే గరిటె బోర్లిస్తున్నాను. బోర్లించి ఉంటే వేసినట్టు.

ఈఎన్‌టీ డాక్టరుగారు మందులేమీ రాయలేదు, వాసనలు ప్రాక్టీస్ చేయమన్నారు. మా అమ్మాయి ఆన్‌లైన్లో ఈ కిట్ తెప్పించింది. గులాబీ, నిమ్మ, నీలగిరి, లవంగం, నాలుగు చిన్న సీసాలు. పొద్దున, రాత్రి ఒక్కోటీ ఇరవై సెకన్లు పీల్చాలి. పీల్చేటప్పుడు ఆ వస్తువుని మనసులో తలుచుకోవాలి. ఈ నాలుగు వాసనల పద్ధతి 2009లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో హుమ్మెల్ అనే డాక్టరు పన్నెండు వారాలు చేయించి చూసిందేనట. కిట్ వాళ్ళ కాగితం మీద మాత్రం "రెండు వారాల్లో ఫలితం" అని ఉంది. ఒక స్టారు అక్కడే పోయింది.

ఇంకో స్టారు సరుకు వల్ల పోయింది. గులాబీ అంటే చవక అగరుబత్తి. అది మా అమ్మాయి మాట, నాకేం తెలుస్తుంది. మూతలు వదులు, రెండో నెలకి నిమ్మ సీసా ఖాళీ. ఆ తర్వాత నిమ్మతొక్క, డబ్బాలో లవంగాలతోనే కానిచ్చాను. తేడా ఏమీ కనబడలేదు.

మొదటి రోజే నీలగిరి తెలిసిందని సంబరపడ్డాను. అది వాసన కాదట, చల్లదనం. దాన్ని మోసే నరం వేరని డాక్టరుగారు నా సంబరం మీద నీళ్ళు చల్లారు. అసలైన వాసన తొమ్మిదో వారంలో, లవంగం. తాతమ్మ పంటినొప్పికి పెట్టిన లవంగం గుర్తొచ్చి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సీసాల వల్ల వచ్చిందో, దానంతట అదే వచ్చిందో చెప్పలేను.

"ముక్కు పోతే మెదడుకేంటమ్మా, ఈ మతిమరుపెందుకు" అని నేనంటే, మా అమ్మాయి ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ 2022 పరిశోధన చదివి వినిపించింది. 785 మందికి రెండేసిసార్లు మెదడు స్కాన్ తీశారు. ఆ మధ్యలో 401 మందికి కరోనా వచ్చింది, చాలామందికి తేలిగ్గానే. అయినా వాసనతో సంబంధమున్న చోట్ల వాళ్ళ మెదడు, కరోనా రానివాళ్ళ కంటే కాస్త ఎక్కువ తరిగిందట. విన్నాక నా గరిటె సంగతి ఎవరికీ దాచడం మానేశాను.

మతిమరుపుకి ఈ కిట్ ఏమీ చేయదు, ఆ ఆశతో కొనకండి. వంటింట్లో లవంగాలుంటే అసలు కొనక్కర్లేదేమో కూడా. పన్నెండు వారాలు వదలకుండా చేసే ఓపిక ఉంటే చాలు.

ఉల్లిపాయ ఇప్పుడు ఉల్లిపాయలాగే ఉంది. ఇంగువ మాత్రం ఇంకా రాలేదు. పులిహోర కలిపిన రోజు మా ఆయన్ని పిలిచి వాసన చూపిస్తున్నాను.