టైల్స్ పగలగొట్టకుండా బాత్రూమ్ లీకేజీ ఆపుతామనే వాళ్లతో జాగ్రత్త

పాలకొల్లు, నరసాపురం, భీమవరం, అమలాపురం వైపు పాత మేడల్లో ఉంటున్నవాళ్లు ఇది తప్పకుండా చదవండి. "టైల్స్ పగలగొట్టం, ఒక్కరోజులో లీకేజీ బంద్, పదేళ్ల గ్యారంటీ" అంటూ ఫోన్లలో తెగ ప్రకటనలు వస్తున్నాయి. అలాంటి వాళ్లకే మేం 18,000 రూపాయలు కట్టాం. లీకేజీ ఆగలేదు. ఇదే పద్ధతిలో పనిచేసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి పేరు కన్నా పద్ధతి తెలియడం ముఖ్యం.

పాలకొల్లులో మా ఇంట్లో పై బాత్రూమ్ సరిగ్గా కింది వంటగది మీద ఉంటుంది. వంటగది శ్లాబుకి ముందు పసుపు మరక పట్టింది. తర్వాత పెచ్చులూడాయి, ఆ తర్వాత చుక్క మొదలైంది. చుక్క పడేచోట సున్నం తెల్లగా పేరుకుని సన్నటి పుల్లలా వేలాడేది. వాళ్ల మనిషి వచ్చి శ్లాబుకి ఓ చెమ్మ మీటర్ ఆనించాడు, అది కుయ్యిమంది. "మన డెల్టాలో చెమ్మ మామూలే కదండీ, టైల్స్ సందుల్లోంచి కూడా నీళ్లు దిగిపోతున్నాయి" అని చదరపు అడుగుల లెక్కన రేటు చెప్పేశాడు. కుళాయి కట్టి చూడలేదు, నేల మీద నీళ్లు పోయే జాలీ ఎత్తి చూడలేదు.

మీటర్ తడి ఉందని మాత్రమే చెబుతుంది. ఆ తడి ఎక్కణ్నుంచి వస్తోందో దానికి తెలియదు. ఇక నేల చెమ్మంటారా, మన వైపు భూమిలో నీళ్లు పైనే ఉంటాయి, నిజమే. కానీ ఆ చెమ్మ పునాది నుంచి గోడ పట్టుకుని పైకి ఎక్కుతుంది. మోకాలెత్తు, నడుమెత్తు దాకా గోడకి ఉప్పు పొంగుతుంది. పై అంతస్తు శ్లాబులోంచి చుక్కలుగా కారదు. శ్లాబు చుక్కకి నేల చెమ్మే కారణమని ఎవరైనా మీతో అంటే అక్కడే ఆపేయండి.

అసలు కిటుకు ఆ తర్వాత ఉంది. టైల్స్ మీద ఏదో రంగులేని కెమికల్ పూసి, సందులు నింపి, "ఆరాలి, రెండు రోజులు బాత్రూమ్ వాడొద్దండీ" అన్నారు. వాడలేదు కాబట్టి చుక్క ఆగింది. ఆగిందని చూపించి మిగతా డబ్బు పట్టుకెళ్లారు. స్నానాలు మొదలవగానే మళ్లీ చుక్క. ఫోన్ చేస్తే గ్యారంటీ కోటింగ్ ఊడితేనే వర్తిస్తుందట, పైపుల లీకేజీ వాళ్ల బాధ్యత కాదట. కింద నుంచి శ్లాబుకి కన్నాలు పెట్టి ఇంజెక్షన్‌లా కెమికల్ ఎక్కిస్తాం, 35,000 అవుతుందన్నారు. ఆ శ్లాబులోనే ఫ్యాన్, లైట్ల వైర్లు వెళ్తున్నాయి. ఒప్పుకోలేదు.

చివరికి తెలిసిన ప్లంబర్‌ని, తాపీ మేస్త్రిని పిలిచాం. ప్లంబర్ రాగానే అడిగింది ఒక్కటే: "కారేది ఏ నీళ్లో తేల్చారా అండీ?" కుళాయిలకు వచ్చే మంచినీళ్లా, వాడి వదిలేసిన నీళ్లా, నేల మీద నిలిచినవా అని. అది తేల్చడానికి పెద్ద మిషన్లేమీ అక్కర్లేదు. ముందు బాత్రూమ్ పూర్తిగా వాడటం మానేసి, ట్యాంకు నుంచి నీళ్లు మాత్రం పైపుల్లో ఉండనివ్వాలి. అప్పుడూ చుక్క పడుతుంటే గోడలోని కుళాయి పైపుదే తప్పు. ట్యాంకు నీళ్లు ఆపే గేట్ వాల్వ్ కట్టేస్తే ఆ చుక్క తగ్గిపోతుంది. వాడనప్పుడు ఆరిపోతుంటే జాలీ తీసి, లోపలి మూతిని గుడ్డతో గట్టిగా బిగించి, నేల మీద అంగుళం ఎత్తు నీళ్లు పోసి 24 గంటలు వదిలేయాలి. కింద తడి వస్తే నేలదో, టైల్స్ సందులదో తప్పు. రాకపోతే గుడ్డ తీసి, మిఠాయిల్లో వేసే ఎర్రరంగు కలిపిన నీళ్లు బకెట్లతో జాలీలో పోయాలి. మా వంటగది శ్లాబుకి కాసేపటికి ఎర్రచుక్క దిగింది.

జాలీ చుట్టూ టైల్స్ తీస్తే కింద నింపిన ఇటుక ముక్కలు నానిపోయి కంపు కొడుతున్నాయి. జాలీ కింద నీళ్లు దిగే గిన్నె, అదే నహానీ ట్రాప్, దాని మూతికి, డ్రైనేజీ పైపుకి మధ్య పైపులు అతికించే గమ్ వేయనే లేదు. కట్టినప్పుడు ఉత్త సిమెంట్ పూసి వదిలేశారు. అది కుంచించుకుని గోరు దూరేంత సందు పడింది. మీద ఎన్ని పొరలు పూసినా ఆ సందు పూడేది కాదు, నీళ్లు జాలీలోకి వెళ్లాకే కదా కారుతున్నది. కొత్త ట్రాప్, ఐఎస్ఐ మార్కున్న పైపు ముక్క, గమ్, వాటర్‌ప్రూఫ్ కలిపిన సిమెంట్, ఇద్దరి కూలి అన్నీ కలిపి 4,500 అయింది. టైల్ వేయకముందే మళ్లీ నీళ్లు నిలబెట్టి, జాలీలో బకెట్లు గుమ్మరించి చూశాం. పాత రంగు టైల్ దొరకలేదు, ట్రాప్ చుట్టూ వేరే రంగు వేశాం. పర్వాలేదు.

కోటింగ్ పని అంతా మోసం అనడం లేదు. టైల్స్ సందులే పోయాయని పరీక్షలో తేలితే, పాత పూత గీకి ఎపాక్సీ (గట్టిపడే జిగురు లాంటి పూత) నింపించుకోవడం సరైన పనే. పరీక్ష చేయకుండా రేటు చెప్పేవాళ్లనే గుమ్మం దాటనివ్వకండి. కారణం ఏమిటో బిల్లు మీదే రాయించుకోండి. మిగతా డబ్బు మామూలుగా వాడుకుని, కింద ఆరిందని చూశాకే ఇవ్వండి. చుక్క ఫ్యాన్ దగ్గరో లైట్ దగ్గరో పడుతుంటే ముందు కరెంటు బోర్డులో ఆ లైన్ స్విచ్ (ఎంసీబీ) ఆపేయండి. అలాగని నెలల తరబడి వదిలేయొద్దు, లోపలి ఇనుము తుప్పుపడితే శ్లాబే పెచ్చులుగా రాలుతుంది.

ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, రెండేళ్ల గడువుంది, కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. బిల్లు, గ్యారంటీ కార్డు, వాట్సాప్ మెసేజ్‌లు, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్లు దాచుకోండి. పాత పని పగలగొట్టే ముందు ఫొటోలు, వీడియో తీసుకోండి. మేం అవన్నీ పెట్టే ఫిర్యాదు చేశాం.