టారో డెక్‌కి డబ్బా: అట్టదా, చెక్కదా?
రెండూ చేసి చూశాను, నా ఓటు అట్టకే. టారో డెక్‌లో (జోస్యం చెప్పడానికి వాడే బొమ్మల కార్డుల కట్ట) 78 కార్డులు, మామూలు సైజు దాదాపు 70 × 120 మిల్లీమీటర్లు, కానీ మందం ఒక్కో డెక్‌కి ఒక్కోలా ఉంటుంది కాబట్టి రెడీమేడ్ చెక్క పెట్టె కొని అలంకరిద్దామంటే కార్డులు లోపల గలగలమంటాయి, లేదా అసలు పట్టవు. అదే 2 మిల్లీమీటర్ల గట్టి అట్టయితే డెక్‌ని ఎదురుగా పెట్టుకుని కొలిచి, చుట్టూ కాస్త ఖాళీ వదిలి కోసుకోవచ్చు. అడుగున ఒక రిబ్బన్ వేశామా, లాగగానే డెక్ పైకి లేస్తుంది, గోళ్లతో పీకే బాధ ఉండదు. తలనొప్పల్లా జిగురుతోనే. తెల్ల జిగురులో నీళ్లుంటాయి, ఒకవైపే కాగితం అంటిస్తే ఆరేటప్పుడు అట్ట వంగుతుంది (నా మొదటి మూత అచ్చం పడవే). రెండోవైపు కూడా అంటించి రాత్రంతా బరువు కింద ఉంచితే సరి.

చెక్క బలంగా ఉంటుంది, బ్యాగులో పడేసినా నలగదు. శాండ్‌పేపర్‌తో రుద్ది, రంగేసి, పల్చటి కాగితం బొమ్మలు అంటించి వార్నిష్ కొడితే భలే ఉంటుంది. కానీ వార్నిష్ పైకి ఆరినట్టే ఉండి లోపల పచ్చిగా ఉంటుంది, తొందరపడి మూసేస్తే మూత అతుక్కుపోతుంది, కార్డులకి వాసన పడుతుంది. లోపల వార్నిష్ మానేసి గుడ్డ అంటించడమే నయం. డెక్ వెంటేసుకుని తిరిగేవాళ్లయితే మాత్రం ఈ తిప్పలన్నీ పడాల్సిందే.