మాళేగావ్ యాత్రలో లగాం కొనేవాళ్ళు ఒక్కసారి ఇది చదవండి

మార్గశిరంలో ఖండోబా దేవుడి యాత్రకు నాందేడ్ జిల్లా మాళేగావ్ వెళ్ళి గుర్రం సామాను కొనే మన ధర్మాబాద్, బిలోలీ వైపు వాళ్ళకోసం రాస్తున్నా. పోయినేడాది అక్కడ 1,800 పెట్టి నేను కొన్న లగాం నా గుర్రం నోరు కోసేసింది.

నాది ఆడగుర్రం. ఆగమంటే ఆగేది కాదు. దుకాణంలో ఆ మాట అన్నానో లేదో, "నోరు మొద్దుబారింది భావూ, ఇది వేస్తే రెండు వేళ్ళతో ఆగుతుంది" అని ఒకటి తీశాడు. ఖండోబాకు చల్లే భండారా పసుపు కూడా అద్ది చేతిలో పెట్టాడు. ఆ పసుపు కిందే ఉన్నాయి ముళ్ళు. నోట్లోకి వెళ్ళే ఇనుప కడ్డీకి మినపగింజంత మొనలు.

గుర్రానికి ముందుపళ్ళకీ దవడపళ్ళకీ మధ్య ఖాళీ ఉంటుంది. కడ్డీ ఆనేది అక్కడే, ఎముక మీది పలచని చిగుళ్ళ మీద. నాలుగో రోజు నురుగులో నెత్తురు కనిపించింది. పోనీ ఆగిందా అంటే, తల పైకెత్తి ఇంకా పరిగెత్తింది. నొప్పెడితే పారిపోక ఏం చేస్తుంది!

మా కాక చూసి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. లగాం తీసేసి, పొడుగు తాడు కట్టి గుండ్రంగా తిప్పుతూ, నన్ను చేతులు నడుం మీద పెట్టుకోమన్నాడు. గుర్రం దుడ్కీ, అదే చిన్న పరుగు, అందుకోగానే కింద పడ్డా. ఇరవై ఏళ్ళుగా నేను బస్సులో కమ్మీ పట్టుకున్నట్టు పగ్గాలకు వేలాడుతున్నానన్నమాట. దాని నోరు మొద్దుబార్చింది నేనే.

ఇప్పుడు దాని మెడకో నూలుతాడు కట్టా. తూలితే వేళ్ళు అందులోకే. ఆపాలంటే జీనులో బరువుగా కూర్చుని పిడికిలి బిగించడం, నెమ్మదించగానే వదిలెయ్యడం. నెలలు గడిచినా, దారిలో కుక్క మొరిగితే చేతులు వాటంతటవే గుండెల దాకా వచ్చేస్తున్నాయి.

బండ్లు లాగే, బరువులు మోసే జంతువులను హింసించకుండా 1965లో చేసిన నియమాల్లోనే ముళ్ళ లగాం వాడకూడదని ఉంది, స్వారీకైనా సరే. ఫోన్ చేసి అడిగితే "అందరూ కొంటున్నారు" అన్నాడు దుకాణం అతను. డబ్బులు తిరిగి రాలేదు.

కొనేముందు పసుపు తుడిచి, కడ్డీ చుట్టూ రుమాలు వేసి లాగి చూడండి. దారం చిక్కుకుందా, అక్కడే పెట్టేసి వచ్చేయండి.